బండ కింద గాలి దారి

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో వేసవి రాత్రుళ్లు ఒక చప్పుడు వినిపిస్తుంది. ఎక్కడో గుట్ట అవతల లారీ ఇంజన్ హోరు, దాని అడుగున నేల లోపలి నుంచి తెంపు లేకుండా వచ్చే దరువు. వాకిట్లో మంచం వేసుకున్నవాళ్లు చెవి ఒగ్గి వింటారు. "వాళ్ల చేన్లో బోరేస్తా ఉండారు" అంటారొకరు. "ఎన్ని అడుగులు పోయిందో" అంటారింకొకరు. ఆ చేను ఎవరిదో ఆ ఇంట్లో మాత్రం ఆ రాత్రి ఎవరికీ కునుకు పట్టదు. టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అప్పు తెచ్చిన డబ్బు ఒడిలో పెట్టుకుని గెనిమ మీద కూర్చుని ఉంటారు.

ఆ దరువు పుట్టే చోటు గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. బోరు అనగానే మనవాళ్లు చాలా విషయాలు అడుగుతారు. పాయింట్ ఎవరు చూశారు, అడుగుకు ఎంత తీసుకుంటున్నారు, కేసింగ్ ఎన్ని అడుగులు దింపారు, కంప్రెసర్ ఎంతది. అడగని విషయం ఒకటి ఉంది. రాడ్ల చివర బిగించిన హ్యామర్ లోపల గాలి ఏ దారిన పోతోంది, ఏ దారిన తిరిగి పైకొస్తోంది అని. నేను చాలా ఏళ్లు ఒక షెడ్డులో హ్యామర్లు విప్పి, కడిగి, బిగించే పని చేశాను. ఆ పనిలో నాకు దక్కిన తెలివి అంతా ఈ గాలి దారి దగ్గరే ఉంది.

ముందు మన నేల సంగతి. పాత చిత్తూరు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. స్వర్ణముఖి, బాహుదా, కౌండిన్య, నీవా, పాలారు అన్నీ వానొస్తేనే పారతాయి. మన తాతలు చెరువులు కట్టుకున్నారు, దిగుడు బావులు తవ్వుకున్నారు, ఏతం తొక్కి, కపిల తోలి నీళ్లు తోడుకున్నారు. ఆ బావులు నలభై యాభై అడుగులు. పైనున్న మెత్తటి మట్టి, కుళ్లిన రాయి ఎంతవరకు ఉంటే అంతవరకే మనిషి చేతికి లొంగేది. దాని కింద గట్టి బండ. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఆ బండ చాలా వరకు గ్రానైటు, చారల రాయి. తిరుపతిలో ఉన్నవాళ్లు దీన్ని చూడాలంటే ఎక్కడికీ పోనక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా పేర్చినట్టున్న క్వార్ట్‌జైటు రాయి, ఆ రెండూ కలిసే గీత కనిపిస్తుంది. దేశంలోని జాతీయ భూవిజ్ఞాన స్మారకాల్లో అది కూడా ఒకటి. కొండెక్కేటప్పుడు ఈసారి బస్సు కిటికీలోంచి చూడండి.

ఇలాంటి బండలో నీళ్లు ఇసుకలో ఉన్నట్టు అంతటా ఉండవు. పగుళ్లలో ఉంటాయి. బోరు బండి వాళ్లు దాన్ని గ్యాప్ అంటారు. ఆ గ్యాప్ తగిలితే నీళ్లు, తగలకపోతే తెల్ల పిండి. అది రెండు వందల అడుగుల దగ్గర ఉండొచ్చు, వెయ్యి అడుగుల దగ్గర ఉండొచ్చు. అంత లోతుకు గట్టి బండలో రంధ్రం వేయాలంటే పై నుంచి కొట్టి లాభం లేదు. రాడ్డు పై కొన మీద దెబ్బ వేస్తే, ఒక్కో అతుకు దగ్గర కొంత బలం పోతూ, కింద చేరేసరికి దెబ్బ చచ్చిపోతుంది. సుత్తినే రంధ్రం అడుగుకు దించేస్తే ఎంత లోతుకు పోయినా దెబ్బ బండ మీదే పడుతుంది. ఈ ఆలోచన 1950ల్లో బెల్జియంలోనూ అమెరికాలోనూ పనిముట్టుగా మారింది. మన దేశంలో దాని విలువ బాగా తెలిసింది 1966-67 కరువప్పుడు. బిహార్, ఉత్తరప్రదేశ్ రాతి నేలల్లో తాగే నీళ్ల కోసం యునిసెఫ్ గాలితో నడిచే రిగ్గులు తెప్పించింది. బావి తవ్వడానికి నెలలు పట్టే చోట రోజుల్లో బోరు పడింది. తర్వాత ఆ పని మనకు పక్కనున్న తమిళనాడులో, నామక్కల్ జిల్లా తిరుచెంగోడులో ఒక ఊరి వృత్తిగా స్థిరపడింది. దేశంలో ఏ మూలకు పోయినా బోరు లారీ మీద ఆ ఊరి పేరు కనిపిస్తుంది. మన చేలల్లోనూ ఎక్కువగా వాళ్ల బండ్లే. అందుకే మన పక్క బోరు మాటల్లో సగం తమిళం కలిసి ఉంటుంది. డ్రిల్లరు రాడ్డు మీద చెయ్యి పెట్టి, తల వంచి విని, "కాత్తు సరిలేదు" అంటాడు. కాత్తు అంటే గాలి. అతను రాయిని తప్పుపట్టడు, బిట్టును తప్పుపట్టడు. ముందు గాలినే అనుమానిస్తాడు. ఆ అనుమానం నూటికి తొంభై సార్లు నిజమవడం నేను చూశాను.

ఇప్పుడు ఆ హ్యామర్‌ను బల్ల మీద పెట్టి విప్పుదాం. బయటికి అది మనిషంత పొడవు కూడా లేని లావాటి ఉక్కు గొట్టం. పై తల తిప్పి ఊడదీస్తే మొదట కనిపించేది స్ప్రింగు మీద కూర్చున్న చిన్న వాల్వు. గాలి కిందికి పోవాలి, తిరిగి రాకూడదు. కొత్త రాడ్డు అతికించేటప్పుడు పైన గాలి ఆపుతారు కదా, ఆ క్షణంలో రంధ్రంలో ఉన్న బురద నీళ్లు బిట్టు రంధ్రాల గుండా హ్యామర్ కడుపులోకి ఎగదన్నబోతాయి. గాలి ఆగగానే ఈ వాల్వు మూసుకుని లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. రెండు వేళ్లతో పట్టుకునే వస్తువు. దాని స్ప్రింగు అలిసిపోతే లక్ష రూపాయల హ్యామర్ రాతి బురదతో నిండిపోయి మా షెడ్డుకు వచ్చేది.

దాని కింద గాలిని పంచే ముక్క ఉంటుంది, కిందికి పొడుచుకొచ్చిన ముక్కుతో. ఆ తర్వాత పిస్టన్. పదిహేను ఇరవై కిలోల ఉక్కు దిమ్మె, నట్టనడుమ నిలువునా రంధ్రం, ఒళ్లంతా గాళ్లు, మెట్లు. దాని కింద బండను తాకే బిట్టు. బిట్టు తోకలోంచి పైకి ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం నిలబడి ఉంటుంది. దాన్ని ఫుట్ వాల్వ్ అంటారు. ఇంతే సామాను. గాలిని అటూ ఇటూ తిప్పడానికి వేరే వాల్వేదీ ఉండదు. పిస్టనే తన కదలికతో దారులు మూస్తుంది, తెరుస్తుంది.

పెద్దవాళ్లు ఏతం చూసి ఉంటారు. ఏతం మాను మీద మనిషి బావి వైపు నడిస్తే బాన దిగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. మాను అదే, మనిషీ అతనే, నిలబడ్డ చోటు మారుతుంది అంతే. హ్యామర్‌లో గాలి పని సరిగ్గా అలాంటిదే. పిస్టన్ కింద ఉన్నప్పుడు దాని నడిమి రంధ్రంలోకి ప్లాస్టిక్ గొట్టం దూరి కింది గది మూసుకుంటుంది. పిస్టన్ ఒంటి మీద గాళ్ల గుండా గాలి ఆ కింది గదిలోకి చేరుతుంది. బయటికి పోయే దారి లేదు కాబట్టి పిస్టన్‌ను పైకి తోస్తుంది. జానెడు కూడా లేవదు, ఈలోపు పిస్టన్ ఆ గొట్టాన్ని వదిలేస్తుంది. కింది గదిలో గాలి బిట్టు గుండా బయటికి దూసుకుపోతుంది. అదే సమయానికి పైన, పంచే ముక్క ముక్కు పిస్టన్ రంధ్రంలోకి దూరి పై గదిని మూసేస్తుంది. ఇప్పుడు గాలి పైన చేరుతుంది. పిస్టన్ విసురుగా దిగి బిట్టు తోక మీద పడుతుంది. ఆ దిగడంలో ముక్కు ఊడి, పై గది గాలి పిస్టన్ నడుమ గుండా, బిట్టు గుండా బయటికి పోతుంది. మళ్లీ మొదటికి. ఇది నిమిషానికి 1,500 సార్లకు అటూ ఇటూగా, అంటే మీరు కనురెప్ప వేసే లోపు నాలుగైదు సార్లు జరుగుతుంది. మధ్యలో రాడ్డు నిదానంగా నిమిషానికి 20, 30 చుట్లు తిరుగుతూ బిట్టు ముఖం మీద పొదిగిన గుండీలను ప్రతి దెబ్బకూ కొత్త చోట పెడుతుంది.

ఈ మొత్తంలో మిల్లీమీటరులో పదో వంతు లెక్కలున్నాయి. పిస్టన్‌కూ గొట్టానికీ మధ్య సందు కొత్తప్పుడు ఒకటి రెండు వెంట్రుకల మందమే. అది అరిగి పెద్దదైతే గాలి పక్క నుంచి జారిపోతుంది, పై గదీ కింది గదీ ఒకదానికొకటి కారుతాయి. కంప్రెసర్ అంతే తిరుగుతుంది, డీజిల్ అంతే తాగుతుంది, బండ మాత్రం తెగదు. ఫుట్ వాల్వ్ విరిగితే కింది గది మూతపడదు, పిస్టన్ లేవదు. రైతు పైన నిలబడి "రాయి గట్టిది" అనుకుంటాడు. గట్టిది రాయి కాదు, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క విరిగింది.

నూనె కూడా ఈ గాలితోపాటే పోవాలి. కంప్రెసర్ నుంచి వచ్చే పైపులో నూనె చుక్కలు కలుపుతారు. అది పొగమంచులా గాలిలో కలిసి పిస్టన్‌ను తడుపుతూ దిగుతుంది. దిగుతోందో లేదో చూసే పద్ధతి చాలా సులువు. రంధ్రంలోకి దించే ముందు బిట్టు కింద ఒక అట్టముక్క పట్టుకుని గాలి వదలాలి. అట్ట మీద సన్నటి జిడ్డు పొర పడితే నూనె చివరిదాకా చేరుతున్నట్టు. పొడిగా ఉంటే పని మొదలుపెట్టకూడదు. మంచి డ్రిల్లర్లు ఆ అట్ట చూడనిదే రాడ్డు దించరు.

ఇప్పటిదాకా చెప్పింది గాలి చేసే మొదటి పని. నా మనసుకు పెద్దది రెండో పని. కొట్టి అలిసిన గాలి బిట్టు ముఖం మీదున్న రెండు మూడు రంధ్రాల నుంచి బయటికొస్తుంది. అప్పుడే పగిలిన రాతి పొడిని ఊడ్చి, బిట్టు పక్కనున్న గాళ్ల గుండా పైకెత్తి, రాడ్డుకూ బండ గోడకూ మధ్య ఉన్న సందులో వందల అడుగులు మోసుకుని నేల మీదికి తేవాలి. తేలేకపోతే తరువాతి దెబ్బ బండ మీద పడదు, తాను చేసిన పిండి మీదే పడుతుంది. పిండిని ఎంత దంచినా పిండే. అందుకే బిట్టు ముఖం మీది గాలి రంధ్రాలు ఎక్కడ ఉండాలి, ఎంత వాలుగా ఉండాలి, గాళ్లు ఎంత లోతుగా ఉండాలి అన్నది ఆ పనిముట్టు చేసేవాళ్లకు తీరని ఆలోచన. దారి ఇరుకైతే వెనక ఒత్తిడి పెరిగి పిస్టన్ మందగిస్తుంది. బంకమట్టి తగిలి రంధ్రం పూడితే పూర్తిగా ఆగిపోతుంది. గాలి మరీ విసురుగా వస్తే రాతి పొడి ఇసుక కాగితంలా బిట్టు ఉక్కునే గీకేస్తుంది, గుండీల చుట్టూ ఉన్న లోహం తరిగిపోయి గుండీలు ఊడి రాలతాయి. అలా ఊడిన ఒక్క గుండీ రంధ్రం అడుగున పడి ఉంటే, మిగతా గుండీలన్నీ దాని మీద పడి పగులుతాయి.

పైకి వచ్చే దారికి ఒక లెక్క ఉంది. వేళ్ల మీద చేసుకోవచ్చు. మన దగ్గర మామూలుగా వేసేది ఆరున్నర అంగుళాల బోరు. అందులో మూడున్నర అంగుళాల రాడ్డు ఉందనుకోండి. నిమిషానికి 600 ఘనపు అడుగుల గాలి పంపితే, చుట్టూ ఉన్న సందులో గాలి నిమిషానికి సుమారు 3,670 అడుగుల వేగంతో లేస్తుంది. అదే గాలి, అదే బోరు, రాడ్డు మాత్రం నాలుగున్నర అంగుళాలది పెడితే సందు తగ్గి వేగం 5,000 అడుగులవుతుంది. పొడి రాతి పిండి పడిపోకుండా పైకి రావాలంటే కనీసం 3,000 అడుగుల వేగం కావాలని ఈ పనిలో ఉన్నవాళ్లు పెట్టుకున్న గుర్తు. పాత కంప్రెసర్ అరిగిపోయి 300 ఘనపు అడుగులే ఇస్తోందనుకోండి, మొదటి రాడ్డుతో వేగం 1,830కి పడిపోతుంది. సన్నపిండి ఎగురుతుంది, నలుసులు ఎగరవు. పైన దుమ్ము లేస్తుంటే అంతా బాగుందనుకుంటాం. కింద నలుసులు చేరుతుంటాయి.

అవి ఎక్కడ చేరతాయో కూడా చెప్పాలి. హ్యామర్ లావుగా ఉంటుంది, దాని పైన రాడ్డు సన్నం. హ్యామర్ పక్కన సందు ఇరుకు కాబట్టి గాలి జోరుగా లేస్తుంది. హ్యామర్ నెత్తి దాటగానే సందు ఒక్కసారిగా విశాలమై జోరు తగ్గుతుంది. అక్కడే నలుసులు తచ్చాడి, హ్యామర్ భుజం మీద కూర్చుంటాయి. గాలి ఆపిన మరుక్షణం అవి గట్టిగా దిగబడి హ్యామర్‌ను బిగించేస్తాయి. అందుకే మంచి డ్రిల్లరు ప్రతి రాడ్డు చివరా, గాలి ఆపే ముందు, రాడ్లను కొంచెం పైకి లేపుతాడు. లేపగానే బిట్టు తన గూట్లో కిందికి జారుతుంది, దానితో పిస్టన్ కూడా జారి కొట్టడం మానేస్తుంది. గాలంతా నేరుగా ఊడ్చే పనికే పోతుంది. దరువు ఆగి ఒట్టి హోరు వినిపించే ఆ అర నిమిషం ఖాళీ సమయం కాదు. అది కసువు ఊడ్చే సమయం. తొందరపడి దాన్ని మింగేసిన వాళ్ల హ్యామర్లు, రాడ్లు లక్షల విలువైనవి, మన చేలల్లో వందల అడుగుల కింద ఇప్పటికీ ఇరుక్కుని ఉన్నాయి.

ఒకసారి నా చేతి మీదుగానే తప్పు జరిగింది. పంచే ముక్కలో చోక్ అని ఒక చిన్న బిరడా ఉంటుంది. కంప్రెసర్ ఇచ్చే గాలి హ్యామర్‌కు కావలసినదానికన్నా ఎక్కువైతే, మిగులు గాలిని కొట్టే పనికి పోకుండా నేరుగా ఊడ్చే పనికి పంపే కన్నం అది. రంధ్రం లేని బిరడా, చిన్న రంధ్రం, పెద్ద రంధ్రం అని రకాలుంటాయి. నేను హడావిడిలో పెద్ద రంధ్రం బిరడా బిగించి పంపాను. ఆ బండి మీద కంప్రెసర్ చిన్నది. గాలి సగం ఆ కన్నం గుండానే జారిపోయింది. రాత్రంతా నడిచి వంద అడుగులు కూడా తెగలేదు. తెల్లారి ఆ డ్రిల్లరు హ్యామర్ నా ముందు పెట్టి, ఒక్క మాట అనకుండా బిరడా తీసి నా చేతిలో పెట్టాడు. నా గోరంత ఉంది. ఆ రైతు ఆ రాత్రి డీజిల్ మంటను చూస్తూ గెనిమ మీద కూర్చుని ఉంటాడని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నీళ్లు పడే ఘడియకు గాలి కథ మారుతుంది. గ్యాప్ తగలగానే కొన్నిసార్లు పైకి వచ్చే దుమ్ము ఠక్కున ఆగిపోతుంది. గాలి పగులులోకి దూరి పోతోందన్నమాట. పక్క చేన్లో పాత బోరు కేసింగ్ గుండా బుసబుసమని గాలి, దానితో బురద నీళ్లు ఎగజిమ్మడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రెండు బోర్లూ ఒకే పగులు మీద ఉన్నాయని గాలి చెప్పే సాక్ష్యం అది. ఇక్కడ తోడితే అక్కడ తగ్గుతుంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం 2002లో వచ్చింది. బోరుకు ముందు అనుమతి తీసుకోమని ఆ చట్టం చెప్పడం వెనక ఉన్నదీ ఈ పగులు సంగతే. పక్క చేను వాళ్లు కొట్లాటకు వచ్చినప్పుడు ఆ బుసబుసను గుర్తు చేసుకుంటే, ఇద్దరిదీ ఒకే నీళ్లని ఇద్దరికీ తెలిసిపోతుంది.

నీళ్లు బాగా పడితే ఇంకో చిక్కు. వంద అడుగుల నీటి స్తంభం అడుగున చదరపు అంగుళానికి 43 పౌండ్ల బరువు మోపుతుంది. రాడ్డు అతికించేలోగా రంధ్రంలో నాలుగు వందల అడుగుల నీరు చేరితే 170 పౌండ్లకు పైమాటే. పిస్టన్ వదిలిన గాలి ఆ బరువును తోసుకుని బయటికి రావాలి. తక్కువ ఒత్తిడి కంప్రెసర్ అయితే హ్యామర్ మూగబోతుంది. పాత బండ్లు నీళ్లు పడ్డ చోటే ఆగిపోయేవి, 300 పౌండ్లు దాటిన కంప్రెసర్లు వచ్చాక వెయ్యి అడుగులు దాటుతున్నాయి. మన నీటిమట్టం దిగుతున్నకొద్దీ కంప్రెసర్ పెరుగుతూ వచ్చింది. ఆ వరుస చూస్తే నాకు సంతోషం కలగదు.

ఇప్పుడు గాలి దారి చివరికి వద్దాం. హ్యామర్ చేసేవాళ్ల బొమ్మల్లో ఆ దారి రంధ్రం మూతి దగ్గర బాణం గుర్తుతో ఆగిపోతుంది. అసలు దారి అక్కడ ఆగదు. మూతి దగ్గర రాడ్డు పట్టుకుని నిలబడ్డ కుర్రవాడి ముక్కు దాకా, అక్కడి నుంచి ఊపిరితిత్తుల దాకా పోతుంది. గ్రానైటులో పావు వంతుకు అటూ ఇటూగా పలుగురాయి, అంటే సిలికా ఉంటుంది. కంటికి కనిపించే తెల్ల దుమ్ము కన్నా కనిపించని ధూళి ప్రమాదం. వెంట్రుకలో పదో వంతు కూడా లేని రేణువులు ఊపిరితిత్తి అడుగు దాకా పోయి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చ కడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక పోయే మందు లేదు. మూతికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు.

ఇది పాత కథే. ఆల్ప్స్ కొండల కింద ఫ్రాన్సుకూ ఇటలీకీ మధ్య తొలి పెద్ద సొరంగం తవ్వేటప్పుడు 1861లో జెర్మాన్ సొమెయే అనే ఇంజనీరు గాలితో నడిచే డ్రిల్లులు దింపాడు. పన్నెండు కిలోమీటర్లు దాటిన ఆ సొరంగంలో డ్రిల్లులు కొట్టి వదిలిన గాలే లోపల పనిచేసేవాళ్లకు ఊపిరైంది. మూడు దశాబ్దాలు దాటాక అమెరికాలో డెన్వర్‌లో జాన్ జార్జ్ లేనర్ రాడ్డు నడుమ నిలువునా రంధ్రం పెట్టి, దాని గుండా గాలి ఊది రాతి పొడిని బయటికి నెట్టే డ్రిల్లు చేశాడు. ఇవాళ్టి మన హ్యామర్ దారికి అది ముత్తాత. పని వేగంగా సాగింది. గని అంతా దుమ్ముతో నిండిపోయింది. గని కార్మికులు దాన్ని పట్టుకోమని మొండికేశారు. లేనర్ తన డ్రిల్లులు వెనక్కి తీసుకుని, అదే రంధ్రం గుండా గాలితోపాటు నీళ్లు పంపేలా మార్చాడు. పొడి బురదై కిందికి జారింది. రంధ్రం అదే, దాని గుండా పంపేది మారింది.

మనకు పక్కనే కోలారు ఉంది. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ నడిపిన ఆ బంగారు గనుల్లోకి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి ఎన్ని కుటుంబాలు పోయాయో మన పెద్దలకు తెలుసు. 1940ల్లో అక్కడి కార్మికులకు జరిపిన పరీక్షల్లో నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ ఉందని తేలింది. దేశంలో ఆ జబ్బు గురించి తొలిసారి గట్టిగా నమోదైంది అక్కడే. ఆ బంగారు రాతి పట్టీ మన కుప్పం వైపు కూడా పాకి ఉంది. గుడుపల్లె మండలంలో చిగరగుంట, బిసానత్తం గనులు నడిచి, 2001లో కోలారుతోపాటు మూతపడ్డాయి. ఆ ఊళ్లల్లో తిరిగితే దగ్గు మాట ఎత్తగానే మెల్లగా తల ఊపే ముసలివాళ్లు కనిపిస్తారు.

గనిలో అయితే తడిపి డ్రిల్లు చేయాలన్న నియమం ఉంది, వైద్య పరీక్ష ఉంది, పేరు రాసే పుస్తకం ఉంది. బోరు బండి ఒక్కచోట నిలవదు. ఈ రాత్రి పుంగనూరు, రేపు పీలేరు, ఎల్లుండి ఇంకెక్కడో. రాడ్లు మార్చే కుర్రాళ్లు ఒడిశా నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చినవాళ్లు, రెండేళ్లు చేసి ఊరికి పోతారు. దగ్గు ఆ ఊరికి పోయాక మొదలవుతుంది. అక్కడ చాలాసార్లు క్షయ అనుకుని మందులిస్తారు.

తడపడం కష్టమైన పని కాదు. చాలా బండ్ల మీద గాలి పైపులోకి నీళ్లు ఎక్కించే చిన్న పంపు ఉంటుంది. దాన్ని వాడకపోవడానికి డ్రిల్లర్లు చెప్పే కారణం కూడా నిజమే. కొంచెం తడిపితే పొడి ముద్ద కడుతుంది, అట్టుపిండిలా గోడకు అతుక్కుని గాలి దారి మూస్తుంది. పూర్తి పొడిగా ఉన్నా నడుస్తుంది, బాగా తడిగా ఉన్నా నడుస్తుంది, ఆ మధ్యలో ఉంటే ఇరుక్కుంటుంది. కాబట్టి తడిపితే చాలినంత తడపాలి, కొంచెం సబ్బు నురగ కలపాలి. నురగ నలుసులను పట్టి లేపుతుంది, అంత వేగం లేని గాలికి కూడా పిండి పైకి వస్తుంది. దానికి నీళ్లు కావాలి. నీళ్లు లేకనే కదా బోరు వేయిస్తున్నది అంటారు రైతులు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదనుకునేవాణ్ని, ఒక పెద్దాయన చేసిన పని చూసేదాకా.

రామసముద్రం దగ్గర టమోటా చేను. సాయంత్రం బోరు లారీ వచ్చేసరికే ఆయన ట్రాక్టరు ట్యాంకరు నిండా నీళ్లు తెప్పించి గెనిమ పక్కన పెట్టించాడు. డ్రిల్లరు చూసి, "ఏంది సామీ ఇన్ని నీళ్లు?" అన్నాడు. "ఆ పిల్లోడు దుమ్ము తాగతా ఉండాడు నాయనా, పోయినసారి చూసినా. రాత్రంతా తువ్వాల అడ్డం పెట్టుకుని దగ్గతానే ఉన్నెడు. నా చేన్లో అట్ల వద్దు" అన్నాడు పెద్దాయన. డ్రిల్లరు కాసేపు ఆయన మొహం చూసి, పంపు గొట్టం తీసి ట్యాంకరులో వేశాడు.

కేసింగ్ దిగాక బండ మొదలైంది. ఎప్పుడూ లారీ మీద, టమోటా కట్టెల మీద, వేపచెట్టు మీద తెల్లగా పేరుకునే పిండి ఆ రాత్రి లేదు. రంధ్రం మూతి నుంచి బూడిదరంగు బురద బుడబుడమంటూ ఒక పక్కకు తీసిన కాలవలో పారింది. మొహానికి తువ్వాలు లేకుండా ఆ పిల్లవాడు రాడ్లు మార్చాడు. ప్రతి రాడ్డు చివరా డ్రిల్లరు లేపి ఊదాడు. ఏడు వందల అడుగులు దాటాక దరువు స్వరం మారింది. కాలవలో బురద పలచనైంది, ఇంకా పలచనైంది. పెద్దాయన వంగి దోసిలి పట్టాడు. లైటు వెలుతురులో చూశాడు. ఆ దోసిలి ముందు పిల్లవాడి వైపు చాపాడు, మొహం కడుక్కోమని.